గోంగూర నోట్స్

ఎదురింట్లోకి కంప్యూటర్ వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. కడుపునొప్పి అని చెప్పాను. నిజానికి అది నొప్పి కాదు, మంట. అమ్మకి తెలుసు. గిన్నె మీద మూత పెట్టి వెళ్లిపోయింది.

అవి రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. ఢిల్లీ ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్‌లో, రెండో అంతస్తులో, మా తలుపూ వాళ్ల తలుపూ ఎదురెదురు. రెండూ తెలుగు ఇళ్లే. మా నాన్నా వాళ్ల నాన్నా ఒకే మినిస్ట్రీలో గుమాస్తాలు. రెండిళ్లదీ ఒకటే కొలత, గోడలకి ఒకటే సున్నం. వాళ్లమ్మ స్కూల్లో టీచరు, మా అమ్మ ఇంట్లోనే ఉండేది. అదొక తేడా. రెండో తేడా వాళ్లమ్మాయి.

ఆ అమ్మాయిది నా ఈడే. ఢిల్లీలోనే పుట్టింది. నేను తెనాలి దగ్గర తెలుగు మీడియంలో ఏడో క్లాసు దాకా చదివి, నాన్నకి క్వార్టర్ దొరికాక వచ్చిపడ్డదాన్ని. ఆమె హిందీ గలగలా మాట్లాడేది, ఇంగ్లీషు ఇంకా గలగలా. తెలుగు అర్థమయ్యేది గానీ జవాబు సగం హిందీలో వచ్చేది. తెలుగు చదవడం రాదు. ఆ ఒక్క విషయంలో నేను గొప్ప. ఆ గొప్ప ఢిల్లీలో దమ్మిడీకి పనికొచ్చేది కాదు.

బి.సి.ఎ. ఎంట్రన్సు ఇద్దరం కలిసే రాశాం. ఆమెకి ర్యాంకు వచ్చి నోయిడాలో కాలేజీలో చేరింది. నాకు రాలేదు. నేను డిగ్రీ చదువుతూ, మధ్యాహ్నాలు బ్లూలైన్ బస్సులో వేలాడుతూ జనక్‌పురిలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లేదాన్ని. బయట పెద్ద బోర్డు, లోపల ఏసీ గది, గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి. ఒక్కో మెషిన్‌కి ముగ్గురం. కీబోర్డు మధ్యలో కూచున్నవాడిది, పక్కనున్న ఇద్దరిదీ చూసే భాగ్యం. గంటలో నాకు ఇరవై నిమిషాలు దక్కేవి. ఎదురింటి అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, టీ తాగుతూ, కాళ్లు మడిచి కుర్చీలో కూచుని తనకి ఇష్టమైనంతసేపు కొట్టుకునేది. తలుపు తీసి ఉంటే కీబోర్డు చప్పుడు మా వంటింట్లోకి వినబడేది. నేను వెళ్లి మా తలుపు వేసేసేదాన్ని.

పిలవలేదా అంటే పిలిచేది, పాపం. "ఆజా యార్, నువ్వు కూడా ప్రాక్టీస్ చేసుకో" అనేది. ఒకటి రెండుసార్లు వెళ్లాను. వాళ్లమ్మ మానిటర్‌కి కుట్టిన పూల గుడ్డ తొడుగు తీసి జాగ్రత్తగా మడతపెట్టి, చేతులు తుడుచుకో అమ్మా అని నాకు మాత్రమే చెప్పింది. తర్వాత వెళ్లలేదు. పొరుగింటి పుల్లగూర రుచి అంటారు గానీ, నాకు పొరుగింటి కుర్చీ కూడా ముళ్లలాగే ఉండేది.

నాకూ ఒకటి ఉంది. దస్తూరి. తెలుగు రాసి రాసి తిరిగిన చెయ్యి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు కూడా గుండ్రంగా, పొట్టలు ఉబ్బినట్టు వచ్చేవి. ఐ, జె అక్షరాల మీద చుక్క పెట్టాల్సిన చోట నేను చిన్న సున్న చుట్టేదాన్ని. ఇన్‌స్టిట్యూట్‌లో మేష్టారు నా రికార్డు చూసి ప్రింటులా ఉందనేవాడు. నాన్న జీవితమంతా ఫైళ్లమీద నోటింగులు రాసిన మనిషి. అక్షరం బాగుంటే పై ఆఫీసరు ఆగి చదువుతాడని ఆయన నమ్మకం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ అదే సూత్రం పనిచేస్తుందని నేనూ నమ్మాను.

మా చదువులు అయ్యేసరికి ఉద్యోగాలు పలచబడ్డాయి. కాలేజీలకి కంపెనీలు రావడం తగ్గింది. పేపర్లో ప్రకటన చూసి, రెజ్యూమె జిరాక్సులు పట్టుకుని నోయిడాలోనో గుర్‌గావ్‌లోనో ఎండలో లైన్లు కట్టేవాళ్లం. నాన్న రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది. ఆ తర్వాత కొన్నాళ్లకే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఈలోగా నాకు ఉద్యోగం దొరికితే ఢిల్లీలోనే ఎక్కడో అద్దెకి ఉండొచ్చు. దొరక్కపోతే సామాను కట్టుకుని తెనాలి బండెక్కడమే. తెనాలి దగ్గర మా ఊళ్లో నేను కంప్యూటర్ నేర్చుకున్నానని చెప్పుకోవడానికి కూడా కంప్యూటర్ లేదు.

అప్పుడే హైదరాబాదు నుంచి మా పిన్ని కొడుకు ఒక కట్ట పంపాడు. అమీర్‌పేటలో కోర్సు చేసినవాళ్ల నోట్స్. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలూ జవాబులూ, ఇంగ్లీషులో, నూటపాతిక పేజీలు. ఎవరి నోట్స్‌కో ఎవరో తీయించిన జిరాక్స్‌కి ఇంకెవరో తీయించిన జిరాక్స్. సగం అక్షరాలు బూడిదలో కలిసిపోయాయి. ఢిల్లీకి రైల్లో వస్తున్న ఒకాయన చేతికిచ్చి పంపితే, నాన్న స్టేషన్‌కి వెళ్లి తెచ్చాడు. నేను కూచుని ఉత్త కాగితాల మీద అన్నీ తిరిగి రాసుకున్నాను. ఉదాహరణలన్నిట్లో వాళ్లు ఉద్యోగుల పేర్లూ జీతాలూ ఉన్న పట్టిక ఇచ్చారు. నాకు విసుగొచ్చి దాన్ని కూరగాయల పట్టిక చేశాను. దొండకాయ, బెండకాయ, వంకాయ, పక్కన ఎన్ని కిలోలు ఉన్నాయో. చివరి వరసలో గోంగూర, దాని పక్కన సున్న. ఢిల్లీలో మాకు గోంగూర దొరికేది కాదు మరి.

ఎదురింటి అమ్మాయి ఆ నోట్స్ చూసి కళ్లు పెద్దవి చేసింది. "ప్లీజ్ యార్, నాకూ ఒకటి రాసివ్వవా? నీ హ్యాండ్‌రైటింగ్‌లో చదివితే అలాగే గుర్తుండిపోతుంది." జిరాక్స్ తీసుకోవచ్చు కదా అనాల్సింది. కానీ నేను పెన్సిల్‌తో రాశాను, జిరాక్స్‌లో సరిగా పడదు. పైగా ఢిల్లీలో తెలుగిళ్ల మధ్య ఒక కట్టుబాటు ఉండేది. ఊరినుంచి వచ్చింది ఏదైనా ఎదుటివాళ్లు అడిగితే లేదనకూడదు. ఆవకాయైనా అంతే, నోట్సైనా అంతే. సరేనన్నాను. నల్ల ఇంకు పెన్నుతో రోజుకి పది పేజీలు రాశాను. మనస్ఫూర్తిగానే రాశాను, నలభై పేజీల దాకా.

ఆ ఆదివారం వాళ్ల నాన్న మా ఇద్దరికీ ఇంటర్వ్యూ ప్రాక్టీసు పెట్టారు. ఆయన సోఫాలో, పక్కన మా నాన్న, ఎదురుగా మేం. నీ గురించి నువ్వు చెప్పమన్నారు ఇంగ్లీషులో. ఆమె గడగడా చెప్పేసింది. నేను నా పేరూ ఊరూ చెప్పి ఆగిపోయాను. తర్వాతి మాట నోటిదాకా వచ్చి రానంది. అందరూ ఎదురుచూశారు. అప్పుడు నవ్వింది వాళ్ల నాన్న కాదు. మా నాన్న.

"మా దానికి చేతిలో ముత్యాలు, నోట్లో రాళ్లండీ" అన్నాడు ఆయనతో. "మీ అమ్మాయిని చూసైనా నేర్చుకోవట్లేదు."

వాళ్లమ్మ కూడా నవ్వింది. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. "నహీ అంకుల్, నాకంటే దీనికే ఎక్కువ తెలుసు. నిజంగా, సచ్చీ" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది. ఆమె కూడా నవ్వి ఉంటే నేను క్షమించేదాన్నేమో.

ఇంటికొచ్చి నలభై ఒకటో పేజీ తీశాను. దాంట్లో ప్రశ్న, ప్రతి ఇంటర్వ్యూలోనూ తప్పకుండా అడిగేది. డిలీట్‌కీ ట్రంకేట్‌కీ తేడా ఏమిటి? మేం నేర్చుకున్న డేటాబేస్‌లో జవాబు తేలిక. డిలీట్ చేస్తే పట్టికలో కావలసిన వరసలు చెరిపెయ్యొచ్చు, మనసు మారితే వెనక్కి తెచ్చుకోవచ్చు. ట్రంకేట్ చేస్తే పట్టిక మొత్తం ఖాళీ, ఇక వెనక్కి రాదు. నేను రెండూ తారుమారు చేసి రాశాను. తొందరలో చెయ్యి జారిందనుకుంటారేమోనని, కింద నా కూరగాయల పట్టిక వేసి, బాణం గుర్తులు పెట్టి, తప్పుని ఎంతో వివరంగా, ఎంతో అందంగా రాశాను. ఆ పేజీలో ఒక్క కొట్టివేత కూడా లేదు. రాశాక కడుపులో మంట కాస్త చల్లబడింది. ఆ రాత్రి అన్నం కూడా బాగా తిన్నాను.

మిగతా పేజీలన్నీ ఉన్నదున్నట్టు రాసి, వారం పైన కట్ట ఇచ్చేశాను. ఆమె నన్ను కావలించుకుని, అక్కడికక్కడే మొదటి పేజీ పైన ఇంగ్లీషులో ఏదో రాసుకుంది. నేను చూడలేదు, సిగ్గేసి వచ్చేశాను. ఆ సాయంత్రమే జిరాక్స్ షాపుకి వెళ్లి కాపీలు తీయించి, తన కాలేజీలో తెలుగువాళ్లకీ, జనక్‌పురిలో మా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ముగ్గురు అడిగితే వాళ్లకీ పంచిపెట్టింది. అడగ్గానే ఇచ్చెయ్యడం ఆమె గుణం. ఆ గుణం మీద కూడా నాకు కుళ్లు.

శనివారం నోయిడాలో ఒక కంపెనీకి ఇద్దరం వెళ్లాలి. శుక్రవారం సాయంత్రం తలుపు దబదబా బాదింది. తీస్తే తనే, చేతిలో నా కట్ట.

"ఏయ్, సునో, ఆ ట్రంకేట్ వాలా పేజీ ఉంది కదా, అది ఉల్టా ఉంది! నేను ఇప్పుడే సిస్టమ్ మీద కొట్టి చూశా. నువ్వు కూడా అలాగే నేర్చుకుని ఉంటావని భయమేసింది. రేపు నిన్ను అదే అడిగితే అంతా గడ్‌బడ్ అయిపోతుంది యార్. నీ దాంట్లో ఇప్పుడే సరిచేసుకో."

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. తను తప్పు చెయ్యాలని నేను రాస్తే, నేను తప్పు చేస్తానని తను పరిగెత్తుకొచ్చింది. "అవునా? చూస్తాను" అన్నాను.

"మా కాలేజీ వాళ్లకి నేను చెప్పేస్తా. జనక్‌పురి ముగ్గురికీ నువ్వు చెప్పేయ్, ఠీక్ హై?"

"సరే."

మర్నాడు ఆమెకి ఉద్యోగం వచ్చింది. నా దగ్గర డిలీట్ దాకా కూడా రాలేదు, నీ గురించి చెప్పుకో అన్నప్పుడే అయిపోయింది. ఆమె బయటికొచ్చి, తన సంగతి చెప్పకుండా, నీకేమైంది అని అడిగింది. నేను బస్సులో కిటికీ వైపు తిరిగి కూచున్నాను. సోమవారం ఇన్‌స్టిట్యూట్‌లో ఆ ముగ్గురూ నా పక్క మెషిన్ దగ్గరే ఉన్నారు. నేను నోరు విప్పలేదు. మర్చిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మర్చిపోలేదు. నాకు రానిది ఇంకెవరికైనా ఎందుకు రావాలనిపించింది, అంతే.

కంపెనీ కారు రోజూ పొద్దున మా బ్లాకు కింద ఆగి హారన్ కొట్టేది. నాన్న కిటికీలోంచి చూసి "వచ్చేసింది ఆ అమ్మాయి కారు" అని చెప్పేవాడు, నాకు చెవుడున్నట్టు. ఆమె మెడలో వేలాడే ఐడీ కార్డు నా కళ్లలో గుచ్చుకునేది. మెట్లమీద కనబడితే ఏదో పనున్నట్టు పైకెళ్లిపోయేదాన్ని. పైన ఉన్నది నీళ్ల ట్యాంకులే.

చివరికి నాన్న రిటైరైన నెలలోనే నాకూ ఒకటి దొరికింది, గుర్‌గావ్‌లో. టెస్టర్ ఉద్యోగం. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. ఆ పనికి నన్ను ఎంచుకున్నందుకు దేవుడికి హాస్యం తెలుసనుకున్నాను. జనక్‌పురిలో రెండు గదులు అద్దెకి తీసుకున్నాం. ఆమెని కంపెనీ పూనా పంపించింది. పండగలకి ఫోన్ చేసేది. ఆమెకి ప్రమోషన్ వచ్చిందన్న రోజు నేను ఆఫీసులో మామూలుకన్నా ఎక్కువ తప్పులు పట్టేదాన్ని. మా డెవలపర్లకి కారణం తెలీదు.

నాలుగైదేళ్లు గడిచాయి. నేను కూడా ఇంటర్వ్యూలు చేసేదాకా ఎదిగాను. ఒక రోజు మా టీమ్ లీడూ నేనూ కూచున్నాం. ఆయన హర్యానాలో రోహ్‌తక్ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. పసుపు చుడీదార్‌లో ఒక తెలుగమ్మాయి లోపలికొచ్చింది. ఆమె ఇంగ్లీషు అచ్చం నాదే, అవే రాళ్లు. కానీ భయం లేదు. మాట రాకపోతే ఆగి, వెతుక్కుని, చెప్పి, నవ్వేది. పాతికేళ్లు దాటినా నాకు రాని ధైర్యం ఈ పిల్లకెక్కడిదని ముందు కుళ్లుకున్నాను. అలవాటైన పనే కదా.

అన్నీ బాగానే చెబుతోంది. టీమ్ లీడ్ చివరిగా, మాట వరసకి, డిలీట్‌కీ ట్రంకేట్‌కీ తేడా అడిగాడు. ఆమె మొహం వెలిగిపోయింది. కాగితం అడిగి తీసుకుని పట్టిక గీసింది. దొండకాయ, బెండకాయ, వంకాయ. చివరి వరసలో గోంగూర, పక్కన సున్న. బాణం గుర్తులు పెట్టి, ట్రంకేట్ చేస్తే వెనక్కి తెచ్చుకోవచ్చనీ, డిలీట్ చేస్తే పోయినట్టేననీ, తడబడకుండా చెప్పింది.

అది నా నలభై ఒకటో పేజీ. టీమ్ లీడ్ "ఆర్ యూ ష్యూర్?" అన్నాడు. "హండ్రెడ్ పర్సెంట్ సర్" అంది. ఆయన నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసి, ఫారం మీద అడ్డగీత గీశాడు. ఇంత చిన్నది తెలియనివాళ్లు ఆయనకి పనికిరారు. ఇది ఈ పిల్ల తప్పు కాదని చెప్పడానికి నాకు అప్పుడు సమయం ఉంది. చెబితే, నీకెలా తెలుసు అంటాడు. ఆయన తర్వాతి వాళ్లని పిలవమన్నాడు. నేను మంచినీళ్ల వంకతో లేచి ఆ పిల్ల వెనక నడిచాను.

కారిడార్‌లో తెలుగులో పలకరించేసరికి ప్రాణం లేచొచ్చినట్టు చూసింది. "మేడమ్, మీరు తెలుగా! నాది శ్రీకాకుళం అండి. ఆర్.కె. పురంలో మా బాబాయి వాళ్లింట్లో ఉంటున్నాను. బాగా చెప్పానాండీ?"

"చివరిది తప్పు చెప్పావమ్మా."

"లేదండీ" అంది గట్టిగా. "అది తప్పయ్యే ఛాన్సే లేదు." సంచిలోంచి కట్ట తీసింది. "ఢిల్లీలో మా తెలుగువాళ్లందరి దగ్గరా ఇవే ఉంటాయండి. గోంగూర నోట్స్ అంటాం. జనక్‌పురిలో ఎవరో మొదలుపెట్టారంట. మా సీనియర్లు మాకిచ్చారు, మేం జూనియర్లకి ఇచ్చాం."

"కంప్యూటర్ మీద కొట్టి చూడలేదా ఎప్పుడూ?"

"మాకు సిస్టమ్ ఎక్కడిదండీ? ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్కదాని మీద ముగ్గురం. ఆ టైమ్‌లో రానివి చేసుకుంటాం గానీ, వచ్చినవి ఎందుకు కొడతామండీ?"

ఇంట్లో కంప్యూటర్ ఉన్న అమ్మాయి నా విషాన్ని ఒక్క నిమిషంలో పట్టేసింది. ఇన్నేళ్లూ అది ఎక్కింది ఇరవై నిమిషాల కీబోర్డు కోసం బస్సుల్లో వేలాడేవాళ్లకి. అంటే నాలాంటి వాళ్లకే. ఎంతమంది ఆ పట్టిక గీసి, నవ్వుతూ తప్పు చెప్పి వెళ్లిపోయారో నాకు తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు.

కట్ట తీసుకున్నాను. ఎన్నో జిరాక్స్‌కి జిరాక్సో, నా అక్షరాలు బూడిదరంగుకి తిరిగాయి. మొదటి పేజీ పైన ఆనాడు నేను చూడకుండా వచ్చేసిన వాక్యం ఉంది. నా ఫ్రెండ్ నాకోసం తన చేత్తో రాసింది, ఢిల్లీలో ఇంతకంటే మంచి నోట్స్ లేవు, పోగొట్టొద్దు, అని ఎదురింటి అమ్మాయి ఇంగ్లీషులో రాసుకుంది. నేను నలభై ఒకటో పేజీ తీసి గోడకి ఆనించి, పెన్నుతో రెండు వాక్యాలు కొట్టేసి, పక్కన సరైనవి రాసి ఆమెకి ఇచ్చాను.

ఆమె చదవలేదు. చూసింది. నేను ఇప్పుడు రాసిన గుండ్రటి అక్షరాలూ, చుక్కల బదులు చుట్టిన సున్నలూ చూసింది. కింద జిరాక్స్‌లో ఉన్నవి చూసింది. మళ్లీ పైకి చూసింది. ఆ పిల్లకి అవి ఎంత బాగా తెలుసో అప్పుడు అర్థమైంది. ఎన్నాళ్లుగానో నా దస్తూరి ఎదుట కూచుని చదువుకుంది.

"మీరేనా అండీ రాసింది?"

"నేనే."

మొహంలో ఒక్క క్షణం సంతోషం కనబడింది. తర్వాత కొట్టేసిన వాక్యాల వైపు చూసింది. "రాసినప్పుడు మీకు తెలీదాండీ, ఇది తప్పని?"

తెలీదు అనొచ్చు. ఎవరూ కాదనరు. ఎదురింటి అమ్మాయి కూడా ఇప్పటికీ అలాగే అనుకుంటోంది.

"తెలుసు" అన్నాను.

ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడిగితే చెప్పడానికి ఆ కీబోర్డు చప్పుడు, ఆ కారు హారను, నాన్న నవ్వు అన్నీ నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఆమెకి అవేవీ అక్కర్లేదు.

"ఇంకెక్కడెక్కడ మార్చారు మేడమ్?"

"ఇంకెక్కడా లేదమ్మా. అదొక్కటే."

నిజమే చెప్పాను. ఆమె తలూపింది. కారిడార్ చివర కుర్చీలో కూచుని, కట్ట ఒళ్లో పెట్టుకుని, మొదటి పేజీ నుంచి ఒక్కో వాక్యం కింద వేలు పెట్టి చూసుకోవడం మొదలుపెట్టింది.